గుర్రానికి అబద్ధం చెప్పలేం!

జీను బిగించే ముందు వదులు చేయాల్సింది ఒకటుంది... మన మనసు. గుర్రమెక్కే ముందు ఓ పది నిమిషాలు నిదానంగా నిలబడితే స్వారీ తీరే మారిపోతుంది. ఎందుకో, ఎలాగో చూద్దాం.

ఆదివారం. పొద్దున్న ఆరు గంటలు. అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే చాలు, హైదరాబాద్ హోరు మెల్లగా వెనకబడుతుంది. ఊడలు దిగిన మర్రిచెట్లు పలకరిస్తాయి. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లేకొద్దీ కూరగాయల మడులు, పూలతోటలు, ఫామ్‌హౌసుల ప్రహరీలు... వాటి మధ్య అక్కడక్కడా ఇసుక పరిచి చుట్టూ కంచె కట్టిన ఆవరణలు. గుర్రపుస్వారీ నేర్పే చోట్లు అవి.

కంచె పక్కన కారు ఆగుతుంది. ఎనిమిదేళ్ల పాప ఒక్క దూకున దిగుతుంది. వారమంతా ఎదురుచూసిన రోజు మరి! దూరం నుంచి గుర్రం బొమ్మలా ఉంది. దగ్గరకెళ్లేసరికి కొండలా కనిపిస్తుంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. తోక అటూ ఇటూ విసురుతోంది. పాప చెయ్యి చటుక్కున నాన్న చొక్కా పట్టుకుంటుంది. ‘ఏం కాదమ్మా, భయపడకు... ఎక్కెయ్!’ అంటాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులోనూ చిన్న వణుకు.

అక్కడున్నది ముగ్గురు. పాప భయపడుతోంది. నాన్న భయం లేనట్టు నటిస్తున్నాడు. మూడో ప్రాణి గుర్రం... అది ఇద్దరినీ చదివేస్తోంది!

వారాంతాల్లో స్వారీ కేంద్రాలకు వెళ్లేవారికి ఇలాంటి దృశ్యం కొత్తేమీ కాదు. మొదటిసారి గుర్రమెక్కే పిల్లలూ, నలభై దాటాక సరదా తీర్చుకోవాలనుకునే పెద్దలూ, ఒకసారి కిందపడి మళ్లీ ధైర్యం కూడదీసుకుని వచ్చినవాళ్లూ... అందరిదీ ఒకటే సమస్య. జీను వేయడం, రికాబులో కాలు పెట్టడం, పగ్గాలు పట్టుకోవడం నేర్పడానికి మనుషులున్నారు. గుండె దడను ఏం చేయాలో చాలామందికి ఎవరూ చెప్పరు. నిజానికి స్వారీ మొదలయ్యేది అక్కడే.

ఖాళీ నేల... గుర్రాల నేల

ఈ దారిలోనే గుర్రాలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయంటే, దానికో కారణముంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలకు కళ్లెం వేసింది. ఆ ఆంక్షలను 2022లో సడలించినా, అప్పటికి పాతికేళ్లపాటు పొలాలూ తోటలూ పొలాలుగానే మిగిలాయి. నగరానికి అంత దగ్గర్లో అంత ఖాళీ స్థలం మరెక్కడ దొరుకుతుంది? మొయినాబాద్ మండలంలో అజీజ్‌నగర్ నుంచి చేవెళ్ల దాకా స్వారీ కేంద్రాలూ, గుర్రపుశాలలూ వెలిశాయి.

హైదరాబాద్‌కు గుర్రాలేమీ కొత్త కాదు. మలక్‌పేటలో రేస్‌కోర్సు ఉంది. పోలీసులకు అశ్వదళం ఉంది. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌కు ఎంపికైన యువ అధికారులకు ఇచ్చే శిక్షణలో స్వారీ కూడా ఓ పాఠం. ఒకప్పుడు సిపాయిలకూ, నవాబులకూ, జాకీలకే పరిమితమైన విద్య ఇప్పుడు మామూలు కుటుంబాల ఆదివారం సరదా అయింది. కాకపోతే సిపాయికి నెలల తరబడి ఉండే శిక్షణ, ఆదివారం సరదాకు ఉండదు. అందుకే ఆ కాస్త సమయంలో మనసును సిద్ధం చేసుకోవడం మరింత అవసరం.

ఒళ్లంతా చెవులే!

గుర్రం వేటాడే జంతువు కాదు... వేటకు గురయ్యే జంతువు. గడ్డి మేసుకుంటూనే పొదల వెనక ఏముందో గమనిస్తూ, చిన్న అలికిడికే పరుగు లంఘించుకుని బతికిన జాతి అది. అందుకు తగ్గట్టే దాని శరీరం తయారైంది. నేలమీద తిరిగే క్షీరదాల్లో చాలా పెద్ద కళ్లున్నవాటిలో గుర్రం ఒకటి. తలకు రెండు పక్కలా ఉండే ఆ కళ్లతో దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా నుదుటి ముందూ, తోక వెనకా మాత్రమే దానికి కనిపించదు. అందుకే వెనక నుంచి వెళ్లొద్దంటారు. రెండు చెవుల్నీ వేర్వేరు దిక్కులకు తిప్పగలదు. ఒంటిమీద ఈగ వాలినా సరిగ్గా అక్కడి చర్మాన్నే అదిలించి తోలేస్తుంది.

ఈగ బరువు తెలిసే వీపుకు, 60 కిలోల మనిషి బిర్రబిగుసుకుని కూర్చుంటే తెలియదా?

చేవెళ్ల దారిలో దాన్ని బెదరగొట్టేవి చాలానే ఉంటాయి. కంచెకు చిక్కుకుని రెపరెపలాడే పాలిథిన్ కవరు, రోడ్డుమీద టిప్పర్ హారన్, తోటలోంచి ఒక్కసారిగా అరిచే నెమలి... అలాంటప్పుడు మంద నుంచి విడిగా ఉన్న గుర్రం తన దగ్గరున్న మనిషి వైపే చూస్తుంది. ‘నిజంగా ప్రమాదమేనా?’ అన్నట్టు. ఆ మనిషి అప్పటికే వణుకుతుంటే దానికి జవాబు దొరికినట్టే!

తెరుచుకోని గొడుగు

ఇదంతా ఊహ కాదు. స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా కీలింగ్ బృందం దీన్ని చిత్రమైన పద్ధతిలో పరీక్షించింది. ఆ ఫలితాలు 2009లో పశువైద్య పత్రికలో వచ్చాయి. కొందరు గుర్రాన్ని నడిపించుకుంటూ, మరికొందరు దానిమీద స్వారీ చేస్తూ ఒక చోటి నుంచి మరో చోటికి నాలుగుసార్లు వెళ్లాలి. మనుషుల గుండె వేగాన్నీ, గుర్రాల గుండె వేగాన్నీ పరికరాలతో కొలుస్తుంటారు. మూడుసార్లు మామూలుగానే గడిచిపోయింది. నాలుగోసారి బయల్దేరే ముందు మాత్రం మనుషులకు ఓ మాట చెప్పారు: ‘ఈసారి మీరు వెళ్తుంటే పక్కన ఒకరు టక్కున గొడుగు తెరుస్తారు’ అని.

గుర్రం బెదురుతుందేమోనని అందరికీ గుబులు. తీరా వెళ్తే... గొడుగు తెరవలేదు! అంతా ముందు మూడుసార్లు జరిగినట్టే జరిగింది. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది. వాళ్లతోపాటే గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రాలకు గొడుగు సంగతి ఎవరూ చెప్పలేదు. వాటి ఎదురుగా ఏ ప్రమాదమూ లేదు. అక్కడ కొత్తగా వచ్చింది ఒక్కటే... మనిషి బుర్రలోని ఆలోచన. రాని గొడుగుకు ఇద్దరూ భయపడ్డారు!

మన రోజువారీ భయాలు చాలావరకు ఇలా తెరుచుకోని గొడుగులేగా?

2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో సంగతి చెప్పారు. 28 గుర్రాలకు కోపంగా ఉన్న మనిషి ఫొటోలూ, నవ్వుతున్న ఫొటోలూ చూపించారు. కోపపు మొహాన్ని చూసినప్పుడు గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగింది. వాటిని ఎక్కువగా ఎడమ కంటితో చూశాయట. ముప్పు అనిపించినవాటిని చాలా జంతువులు ఇలా ఎడమ కంటితోనే గమనిస్తాయి.

అలాగని భయపడే మనిషి కనిపించగానే గుర్రం బెదిరిపోతుందని కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఓ ఆవరణలో గుర్రాలను స్వేచ్ఛగా వదిలి, మధ్యలో కంగారుపడే మనుషులను నిలబెట్టారు. అక్కడ గుర్రాల గుండె వేగం పెరగలేదు సరికదా, తగ్గింది. అంటే భయం గాల్లో ఎగిరి గుర్రానికి అంటుకునేది కాదన్నమాట. పగ్గాలు, జీను, మోకాళ్లు, చేతులు... ఇవన్నీ దానికి దారులని అనుకోవాలి. ఇది ఒకరకంగా మంచి కబురే. దారులేవో తెలిస్తే వాటిని సరిచేసుకోవచ్చు.

లెక్కలు చేసిన గుర్రం

‘లోపల ఎలా ఉన్నా సరే, పైకి ధైర్యంగా కనిపిస్తే చాలదా?’ అని అనుమానం రావచ్చు. చాలదని చెప్పే పాత కథ ఒకటుంది. వందేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం పెద్ద సంచలనం. దాని యజమాని విల్‌హెల్మ్ వాన్ ఓస్టెన్ లెక్క అడిగితే, కాలి గిట్టతో నేలమీద అన్నిసార్లు కొట్టి జవాబు చెప్పేది. కూడికలు, తీసివేతలు ఏవైనా సరే. 1904లో నిపుణుల సంఘం పరీక్షించినా అందులో మోసమేమీ కనిపించలేదు.

తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు గుట్టు పట్టుకుని 1907లో లోకానికి చెప్పాడు. ప్రశ్న అడిగినవాళ్లకే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియడం లేదు. అడిగినవాళ్లు దానికి కనిపించకపోయినా అంతే. లెక్క అడిగిన మనిషి గిట్ట చప్పుళ్లు వింటూ తెలియకుండానే కాస్త వంగేవాడు. సరైన అంకె రాగానే అతని తల వెంట్రుకవాసి పైకి లేచేది. హాన్స్ చూసింది దాన్నే!

ఈ కథలో అసలు విశేషం మరొకటి. ఆ కదలికల గుట్టు కనిపెట్టిన ఫుంగ్‌స్ట్ తానే ప్రశ్నలడిగినప్పుడు, ఎంత ప్రయత్నించినా తన తల కదలికను ఆపుకోలేకపోయాడు. అన్నీ తెలిసిన పరిశోధకుడే దాచలేనిది మామూలు మనుషులు ఎలా దాచగలరు? గుర్రం ముందు నటన కుదరదు. నిజంగా నెమ్మదించడం ఒక్కటే దారి.

భయం... జీను మీద

భయమేసినప్పుడు శరీరం ముడుచుకుంటుంది. అది మన తప్పు కాదు, ప్రాణరక్షణ కోసం ప్రకృతి పెట్టిన ఏర్పాటు. నేలమీద అది పనికొస్తుంది. గుర్రం మీద మాత్రం ఎదురు తిరుగుతుంది. అదెలాగంటే...

మోకాళ్లు, పిక్కలు గుర్రాన్ని గట్టిగా నొక్కేస్తాయి. గుర్రానికి నేర్పిన భాషలో కాళ్లతో నొక్కడమంటే ‘ముందుకు పద’ అని. అదే సమయంలో చేతులు పగ్గాలను వెనక్కి లాగుతాయి. అంటే ‘ఆగు’ అని. పద, ఆగు అనే రెండు ఆజ్ఞలూ ఒకేసారి అందితే పాపం ఆ మూగజీవి ఏం చేయాలి? కొన్ని తల విదిలిస్తాయి. కొన్ని పక్కకు నడుస్తాయి. కొన్ని ఒక్కసారిగా వేగం పెంచుతాయి. దాంతో పైనున్న మనిషికి భయం రెట్టింపవుతుంది. కాళ్లు ఇంకా బిగుస్తాయి. ఇద్దరూ ఒకరినొకరు బెదరగొట్టుకుంటూ పోతారు.

ఇంకా ఉంది. భయంలో చూపు కిందికి పోతుంది. మనిషి తల 4, 5 కిలోల బరువు. అది ముందుకు వాలితే ఒంటి తూకమే మారుతుంది. మడమలు పైకి లేస్తాయి. ఊపిరి బిగబడుతుంది. ఊపిరి బిగబట్టిన మనిషి నడుము గుర్రం నడకతోపాటు ఊగదు... మూటలా ఎగిరెగిరి పడుతుంది. చాలా సందర్భాల్లో పడిపోవడం అనేది పడిపోక ముందే మొదలవుతుంది. బిగబట్టిన ఊపిరితో మొదలవుతుంది.

నలుడికి తెలిసిన విద్య

మనవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మహాభారతం అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది. రూపం మారి బాహుకుడన్న పేరుతో సారథిగా ఉన్న నలుడు, ఋతుపర్ణ మహారాజు రథాన్ని ఒక్కరోజులో విదర్భకు చేర్చాడు. ఆయనకు తెలిసిన ఆ విద్య పేరేమిటో తెలుసా? అశ్వహృదయం! గుర్రం కాళ్లను, వేగాన్ని కాదు... హృదయాన్ని తెలుసుకోవడం. విరాటుడి కొలువులో గుర్రాలను చూసుకున్న నకులుడిదీ అదే నేర్పు.

కఠోపనిషత్తు దీన్నే లోపలికి తిప్పి చెప్పింది. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. పగ్గం సరిగా లేకపోతే గుర్రాలు సారథి మాట వినవు. ఉపమానంగా చెప్పిన ఆ మాట, స్వారీ కేంద్రంలో అక్షరాలా నిజమవుతుంది.

గ్రీకు దేశంలో సుమారు 2,400 ఏళ్ల కిందట జెనొఫన్ అనే సేనాని స్వారీ మీద ఓ పుస్తకం రాశాడు. గుర్రం దగ్గరకు కోపంతో ఎప్పుడూ వెళ్లకూడదన్నది అందులో ముఖ్యమైన సూత్రం.

ఇప్పుడు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అంటున్నది కూడా ఇలాంటిదే. తెలుగులో చక్కని మాట ఉంది... ఎరుక. ఈ క్షణంలో ఏం జరుగుతోందో, మంచీచెడూ తీర్పు చెప్పకుండా గమనించడం. ఊపిరిని గమనించే ఆనాపాన పద్ధతిని బుద్ధుడు బోధించాడు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అలాంటి సాధనను ఒత్తిడితో బాధపడే రోగుల కోసం ఓ కార్యక్రమంగా మలిచారు. అక్కడి నుంచి అది ఆసుపత్రులకూ, బడులకూ, ఆటస్థలాలకూ పాకింది.

దాన్ని జీను మీదికి తెచ్చినవారిలో ప్రముఖురాలు అమెరికాకు చెందిన శాలీ స్విఫ్ట్. 1913లో పుట్టిన ఆమెకు చిన్నప్పుడే వెన్నెముక వంకర తిరిగింది. అయినా స్వారీ వదల్లేదు. తన శరీరాన్ని తాను గమనించుకుంటూ, సరిచేసుకుంటూ నేర్చుకున్నదంతా ఉద్యోగం నుంచి విరమించాక ఇతరులకు నేర్పడం మొదలుపెట్టారు. 1985లో ‘సెంటర్డ్ రైడింగ్’ పుస్తకం రాశారు. ఆమె చెప్పిన మూల సూత్రాలు నాలుగే. ఒకచోట గుచ్చి చూడకుండా చుట్టూ ఉన్నదంతా కంటికి అందనిచ్చే మెత్తని చూపు. కడుపు దాకా అందే ఊపిరి. బొడ్డు దిగువన ఒంటి కేంద్రం మీద ధ్యాస. పాదాల మీద నడుము, నడుము మీద భుజాలు, భుజాల మీద తల... ఇటుక మీద ఇటుక పేర్చినట్టు కూర్చోవడం. 95 ఏళ్ల వయసులో, 2009లో ఆమె కన్నుమూశారు. ఆ పద్ధతిని నేర్పేవాళ్లు ఇప్పటికీ చాలా దేశాల్లో ఉన్నారు.

పది నిమిషాల సాధన

గుర్రమెక్కే ముందు ఏం చేయాలంటే...

ముందుగా చేరుకోండి. ట్రాఫిక్‌లో హడావుడిగా వచ్చి, ఆ విసురుతోనే గుర్రం దగ్గరకు వెళ్లొద్దు. ఫోన్ కారులోనే వదిలేయండి.

భయానికి పేరు పెట్టండి. ‘నాకు భయమేస్తోంది. గొంతు ఎండిపోతోంది. అరచేతులు చెమట పట్టాయి’ అని మీకు మీరే చెప్పుకోండి. తరిమేయాలని చూడొద్దు. గమనిస్తే చాలు. పేరు పెట్టిన భయం కాస్త చిన్నదవుతుంది.

కాళ్లు నేలకు ఆనించండి. రెండు పాదాలూ సమంగా పెట్టి, మడమల కింద నేల తగలడాన్ని గమనించండి. చుట్టూ వినిపిస్తున్న మూడు శబ్దాలను గుర్తుపట్టండి. పక్షి కూత, బోరు మోటారు, ఎక్కడో గుర్రం సకిలింపు... ఏవైనా సరే.

ఊపిరి నిదానంగా వదలండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. బిగబట్టొద్దు. శ్వాస వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. అందుకే వదిలే శ్వాస పొడుగ్గా ఉండాలి. ఇలా పదిసార్లు. కళ్లు తిరిగినట్టనిపిస్తే మామూలుగా పీల్చుకోండి.

బిగువులు వెతకండి. దవడ, భుజాలు, పిడికిళ్లు, పొట్ట, మోకాళ్లు. ఒక్కోచోట ఆగి, శ్వాస వదులుతూ వదులు చేయండి. దవడ బిగిస్తే మెడ, భుజాలూ బిగుసుకుంటాయి. అక్కడి నుంచి బిగువు చేతుల్లోకీ, పగ్గాల్లోకీ దిగుతుంది.

ఇప్పుడు గుర్రం దగ్గరకు వెళ్లండి. ఎదురుగానో వెనక నుంచో కాదు, పక్కగా భుజం వైపు నుంచి మెల్లగా మాట్లాడుతూ. అనుభవమున్న సాయీసును గమనించండి... గుర్రాన్ని తాకేముందే గొంతు వినిపిస్తాడు. చెయ్యి వాసన చూడనివ్వండి. మెడ, వీపు కలిసే మూపు దగ్గర మెల్లగా గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి దువ్వుకునే చోటు అదే. అక్కడ దువ్వితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాల మీద చేసిన అధ్యయనంలో తేలింది.

దాని ఊపిరి లెక్కపెట్టండి. డొక్క లేచి దిగడాన్ని చూస్తే తెలుస్తుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లే శ్వాస తీసుకుంటుంది. దాని గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మనకన్నా ఎంతో నిదానం! ఆ నిదానాన్ని చూస్తూ నిలబడితే మన ఊపిరీ నెమ్మదిస్తుంది. నెమ్మది నేర్పడంలో గుర్రమే గురువు.

జీను పట్టీ, హెల్మెట్ సరిచూసుకోండి. ధ్యానం చేశాం కదాని హెల్మెట్ మానేయడం కుదరదు. మడమ ఉన్న బూట్లు వేసుకోవాలి. లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుంటుంది.

ఎక్కాక వెంటనే కదలొద్దు. ఒక పూర్తి శ్వాస వదలండి. తర్వాత నడక. గుర్రం నడకలో నాలుగు అడుగుల చప్పుడు విడివిడిగా వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అంటూ లెక్కపెట్టండి. పక్కనే చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు చేసేవాళ్లు కార్డు మీద ఒక్కో చుట్టూ గుర్తుపెట్టుకుంటూ నడవడం చూసే ఉంటారు. లెక్క మీద ధ్యాస పెడితే మనసు అటూ ఇటూ పరిగెత్తదు. ఇక్కడా అంతే.

నాన్నగారూ... కాస్త ఆగండి!

పిల్లలను తీసుకెళ్లే పెద్దలకు మరికొంత బాధ్యత ఉంటుంది. ‘భయపడకు’ అనడం వల్ల భయం పోదు. భయపడటం తప్పేమో అన్న సిగ్గు అదనంగా చేరుతుంది. దానికి బదులు ‘ఎక్కడ భయంగా ఉంది? పొట్టలోనా, కాళ్లలోనా?’ అని అడగండి. పిల్లలు ఠక్కున చూపిస్తారు. ‘సరే, ఇద్దరం కలిసి గట్టిగా ఊదుదాం... కొవ్వొత్తి ఆర్పినట్టు’ అనండి. పొడవాటి శ్వాస ఎలా వదలాలో వాళ్లకు చెప్పినట్టే.

కంచె అవతల నుంచి ‘నిటారుగా కూర్చో... ఇటు చూడు... ఫొటో!’ అంటూ కేకలేయొద్దు. పిల్ల చూపు కెమెరా వైపు తిరిగితే ఒంటి తూకం తప్పుతుంది. గుర్రం చెవులు కూడా ఇటే తిరుగుతాయి. నేర్పే మనిషి గొంతు ఒక్కటే పిల్లలకు వినిపించాలి. ఫొటో దిగాక తీసుకోవచ్చు.

పక్కింటి పిల్లాడు అప్పుడే దౌడు తీయిస్తున్నాడన్న పోలిక అసలే వద్దు. మొదటి రోజు గుర్రాన్ని దువ్వి, ఓ క్యారెట్ ముక్క పెట్టి ఇంటికొచ్చినా అది పాఠమే. పెట్టొచ్చో లేదో సాయీసును అడిగి, అరచేతిని చాపి పెట్టాలి.

గుర్రమూ ‘కాదు’ అంటుంది

సాధన చేసినా తీరని సందర్భాలుంటాయి. చెవులు వెనక్కి వాల్చి తలకు అతికించినట్టు పెట్టినా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తున్నా, జీను పట్టీ బిగించగానే కరవబోయినా, తోక విసురుతూనే ఉన్నా... గుర్రం ఏదో చెబుతోందని అర్థం. వీపు మీద పుండు ఉండొచ్చు. జీను సరిపోకపోవచ్చు. గిట్టలో రాయి ఇరుక్కుని ఉండొచ్చు. మే నెల ఎండలో అలసి ఉండొచ్చు. దాని నొప్పిని మన ప్రాణాయామం తగ్గించదు. వెంటనే నేర్పేవారికి చెప్పాలి. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అంటారు మనవాళ్లు. పని చేయించుకునేవాడికి బాధ్యతా తప్పదన్నమాట.

మనిషి విషయంలోనూ అంతే. పది నిమిషాల తర్వాత కూడా చేతులు వణుకుతుంటే ఆ రోజు ఎక్కకపోవడమే తెలివి. అది ఓటమి కాదు. తన స్థితిని తాను ఉన్నదున్నట్టు చూడగలగడమే కదా ఎరుకంటే! కిందపడిన అనుభవం నెలల తరబడి వెంటాడుతుంటే, గుర్రం తలపుకే ఊపిరాడనంత ఆందోళన కలుగుతుంటే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. తలకు దెబ్బ తగిలితే ఎంత చిన్నదనిపించినా డాక్టరుకు చూపించాలి. ధ్యానం వైద్యానికి బదులు కాదు. శిక్షణకూ బదులు కాదు. ఆ రెండింటికీ చోటిచ్చే నెమ్మది అది.

ఇంటికి తెచ్చుకునేది

మళ్లీ కంచె దగ్గరకు వెళ్దాం. ఈసారి నాన్న ‘ఎక్కెయ్’ అనలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ‘నాక్కూడా కాస్త భయంగానే ఉందమ్మా’ అన్నాడు. పాప ఆశ్చర్యంగా చూసింది. ఇద్దరూ కలిసి కొవ్వొత్తి ఊదినట్టు ఊదారు... ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. పక్కనే ఉన్న గుర్రం తల కాస్త కిందికి దించింది. ఓ పొడుగాటి శ్వాస వదిలి, నాలుక చప్పరించింది. పాప చెయ్యి చాపింది. వెచ్చని ఊపిరి అరచేతికి తగిలింది.

ఆ రోజు పాప గుర్రమెక్కి నాలుగు చుట్లు తిరగొచ్చు. లేదంటే దువ్వి వచ్చేయొచ్చు. ఏదైనా ఫరవాలేదు. రేపు పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికి అందినప్పుడో, స్టేజీ మీద మైకు ముందు నిలబడినప్పుడో గుండె మళ్లీ దడదడలాడుతుంది. అప్పుడు మొయినాబాద్ గుర్రం గుర్తొస్తుంది. కాళ్లు నేలకు ఆనుతాయి. ఊపిరి నిదానంగా బయటికి పోతుంది.

గొడుగు తెరుచుకుంటే అప్పుడు చూసుకోవచ్చు!